డేవిడ్‌సన్ గారి చింపుడు కాగితాలు

కెనడాలోని సార్నియా ఊరి తెలుగువాళ్ళలో దానం అంకుల్‌ని ఎరగనివాళ్ళు లేరు. డేవిడ్‌సన్ గారిని ఎరిగినవాళ్ళు ఒక్కరూ లేరు. ఇద్దరూ ఒక మనిషేనన్న సంగతి ఇంట్లో భార్యకీ, కాల్గరీలో ఉన్న కూతురికీ తప్ప ఇంకో తెలుగు చెవిన పడకుండా అయిదేళ్ళు గడిచిందంటే మాటలా! దాన్ని ఆయన జాగ్రత్త అనుకున్నాడు. పిరికితనానికి జాగ్రత్త అని పేరు పెట్టుకోవడం ఆయనతోనే మొదలు కాలేదు లెండి.

ఆయన అసలు పేరు కృపాదానం. బాపట్ల దగ్గర మిషన్ స్కూల్లో లెక్కలు చెప్పిన డేవిడ్‌సన్ మాస్టారి మూడో కొడుకు. కెనడా వచ్చేటప్పుడు పాస్‌పోర్టులో తండ్రి పేరే ఇంటిపేరై కూర్చుంది. గుంటూరులో కెమిస్ట్రీ లెక్చరరుగా చేసిన మనిషి, ఇక్కడ పెట్రోకెమికల్ ప్లాంటులో ల్యాబ్ టెక్నీషియను అయ్యాడు. బోర్డు ముందు నిలబడకపోతే ఆయనకి తిన్నది అరగదు. అందుకని వారానికి రెండు పూటలు హ్యూరన్‌షోర్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళి ల్యాబ్ క్లాసులు చెప్పేవాడు. అక్కడి పిల్లలకి పనికొచ్చే వర్క్‌బుక్ లేదని తనే ఒకటి రాశాడు. అచ్చు వేసేవాళ్ళు దొరక్క తనే వేశాడు.

అదీ డేవిడ్‌సన్ టెక్నికల్ ప్రెస్. ప్రెస్ అనగానే పెద్ద భవనం ఊహించుకునేరు! బేస్‌మెంటులో ఒక బల్ల, ఒక కంప్యూటరు, గ్యారేజీలో స్నో టైర్ల పక్కన అట్టపెట్టెలు. అచ్చుపని లండన్‌లో జరిగేది. ఇంగ్లండు లండన్ కాదు, కారులో గంట దూరం ఉన్న మన అంటారియో లండన్. ఇరవై ఏళ్ళలో ఆ ప్రెస్ వేసినవి నాలుగు పుస్తకాలు. మూడు ఎవరికీ పట్టలేదు. అన్నిటికంటే ముందు రాసినదే, మొదటి ఏడాది కెమిస్ట్రీ ల్యాబ్ వర్క్‌బుక్, నిలబడింది. ప్లాంటు పనీ, క్లాసులూ రెండూ మానేసి రిటైరైన తర్వాత కృపాదానానికి లోకంలో తనదంటూ చూపించుకోవడానికి మిగిలింది ఆ నీలం అట్ట పుస్తకమే.

ఇంకో సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. తను బీఎస్సీ చదివిన రోజుల్లో బాపట్ల హాస్టల్లో ఇనార్గానిక్ కెమిస్ట్రీ పుస్తకం ఒక్కటే ఉండేది. సీనియర్ పరీక్ష రాసి వెళ్ళిపోతూ జూనియర్ చేతిలో పెట్టేవాడు. అట్ట లోపలి వైపు పేర్లు వరసగా రాసి ఉండేవి. కృపాదానం పేరు పదకొండోది. తను పన్నెండోవాడికి ఇచ్చి వచ్చాడు. ఆ పుస్తకం లేకపోతే ఆయన ఏ కోఆపరేటివ్ బ్యాంకులోనో గుమాస్తాగా ఉండేవాడు. ఈ మాట ఆయన ఎన్నోసార్లు ప్రార్థన కూడికల్లో సాక్ష్యంగా చెప్పాడు, కళ్ళు తుడుచుకుంటూ. మరి అదే మనిషి ఏం చేశాడో చూడండి.

రెండు వేల పదిహేడు నుంచి ఊళ్ళోకి చదువులకని మన పిల్లలు దిగడం మొదలైంది. ముందు పదిమంది, మరుసటేడు యాభై, ఆ తర్వాత లెక్క తప్పిపోయింది. కృపాదానానికి పండగ వచ్చినట్టయింది. ఏడు సీట్ల వ్యాను ఒకటి కొని, శనివారం శనివారం పిల్లల్ని గ్రోసరీకి తీసుకెళ్ళేవాడు, సాయంత్రం నాలుగింటికి తన ఇంట్లో ప్రార్థన కూడికకి తెచ్చేవాడు. బస్సులు సరిగా లేని ఊరు. దానం అంకుల్ వ్యాను కనిపిస్తే చాలు, పిల్లలు చేతులూపేవాళ్ళు. క్రైస్తవులే రావాలనేం లేదు. వరంగల్ పిల్లలూ, కడప పిల్లలూ అందరూ వచ్చేవాళ్ళు. "ప్రార్థనకొచ్చారా, పలావుకొచ్చారా?" అని ఆయన ఆటపట్టిస్తే, "రెండూ దేవుడి వరాలే కదా అంకుల్" అని నవ్వేవాళ్ళు.

సరిగ్గా ఆ రోజుల్లోనే ఒక మధ్యాహ్నం పుస్తకాల లెక్క చూసుకోవడానికి వెళితే ఇన్‌స్టిట్యూట్ క్యాంటీన్లో తన పుస్తకం కనిపించింది. నీలం అట్ట లేదు. తెల్ల కాగితాల జిరాక్సు కట్ట, మూలకి ఒక పిన్ను. చుట్టూ ఆరుగురు, అందరూ మనవాళ్ళే, తెలుగులో కబుర్లాడుకుంటున్నారు. కృపాదానానికి ఒళ్ళు మండిపోయింది. అయిదేళ్ళు కూర్చుని రాసిన పుస్తకం! వాళ్ళని ఒక్క మాట అనలేదు. తిన్నగా కోఆర్డినేటరు గదికి వెళ్ళాడు. ఆమె బోర్డు పాఠంలాగా నిదానంగా మాట్లాడే తెల్లావిడ.

ఆ రోజు ఆమె ఎదుట ఆయన కనిపెట్టిన పద్ధతి ఇది: ప్రతి ప్రయోగానికీ పుస్తకంలోనే ఒక జవాబు కాగితం ఉంటుంది, అంచున చిన్న చిన్న చిల్లులతో. విద్యార్థి దాన్ని నింపి, చింపి ఇవ్వాలి. ఆ కాగితం మీద ఊదారంగులో పుస్తకం నంబరు ఉంటుంది. జిరాక్సు కాగితం ఇస్తే సున్నా. ఒకసారి చింపిన పుస్తకం ఇంకొకరికి పనికిరాదు. ఆమె కొంచెం సందేహించింది, ఇది పిల్లలకి ఇబ్బంది కాదా అని. అప్పుడు కృపాదానం నవ్వుతూ ఒక మాట అన్నాడు. "మీకు తెలియదు మేడమ్, నేను అక్కడివాణ్ణే. మా వాళ్ళు ఒక పుస్తకం కొని పదిమంది చదువుతారు. గేటు గట్టిగా వేయకపోతే లాభం లేదు." ఆమె నోట్ చేసుకుంది. పదకొండో పేరువాడు అన్న మాట అది!

ఆ తర్వాత ఆయన తెలుగు పిల్లల దగ్గర డేవిడ్‌సన్ అన్న పేరు ఎత్తలేదు. పుస్తకం మీద పోస్టు బాక్సు నంబరు తప్ప అడ్రసు లేదు. ప్రార్థనకి వచ్చే పిల్లలు గ్యారేజీ వైపు రాకుండా తలుపుకి గడియ పెట్టించాడు. వ్యానులో వెనక సీట్లో పిల్లలు, "ఆ డేవిడ్‌సన్ గాడెవడో గానీ, వాడి చేతులు పడిపోను!" అనుకుంటుంటే, ఈయన స్టీరింగు పట్టుకుని, తేలు కుట్టిన దొంగలాగా రోడ్డు చూస్తూ కూర్చునేవాడు. మొదట్లో చెవులు ఎర్రబడేవి. తర్వాత అలవాటైపోయింది. సిగ్గు కూడా అలవాటవుతుంది మరి.

రెండు వేల ఇరవై రెండు వేసవిలో ఇన్‌స్టిట్యూట్ నుంచి ఈమెయిల్ వచ్చింది. పిల్లలు అయిదు వందలు దాటారు, జనవరి నుంచి ఈ-బుక్ ఇవ్వగలరా అని. ఇవ్వడానికి రెండు దారులు చూపించారు. ఒకటి, లైబ్రరీకి ఇచ్చేయడం: ఎవరైనా ఎప్పుడైనా తెరిచి చదువుకోవచ్చు, జవాబులు మామూలు కాగితం మీద రాసి ఇస్తారు. రెండోది, కోడ్ పద్ధతి: ఒక్కొక్కరికి ఒక కోడ్, ఒక్క కంప్యూటర్లోనే తెరుచుకుంటుంది, నాలుగు నెలలయ్యాక దానంతటదే మూసుకుపోతుంది.

కూతురు ఫేబీ కాల్గరీలో సాఫ్ట్‌వేర్ పని చేస్తుంది. "డాడ్, జస్ట్ గివ్ ఇట్ టు ద లైబ్రరీ" అంది ఫోన్లో.

"నీకేం తెలుసమ్మా. ఒక్కసారి పీడీఎఫ్ బయటికి పోయిందా, సాయంత్రానికి వాట్సాప్‌లో గుంటూరు దాకా వెళ్తుంది."

"సో? పీపుల్ విల్ రీడ్ ఇట్. ఈజంట్ దట్ ద పాయింట్?"

కృపాదానం మాట మార్చి ఫోన్ పెట్టేశాడు. కోడ్ పద్ధతి ఆయన మనసుని లాగింది. చింపుడు కాగితం కంటే గట్టి గేటు. కానీ కాగితం మీద మమకారం ఒక పక్క, తన నీలం అట్ట పోతుందన్న దిగులు ఒక పక్క. ఇవాళ చెబుతా, రేపు చెబుతా అని నెలలు నానబెట్టాడు. ఎలాగూ ఈ-బుక్ రావచ్చు కదా అని ఆ సెప్టెంబరుకి మూడు వందల పన్నెండు కాపీలే వేయించాడు. మూడు వందలు బుక్‌స్టోరుకి పంపి, చివరి పన్నెండూ ఆఫీసు కాపీలని గ్యారేజీలో పెట్టుకున్నాడు. పుస్తకాలు మూడు వందలు, పిల్లలు అయిదు వందలు. మూడో వారానికే స్టోరులో 'అయిపోయాయి' అని బోర్డు పెట్టారు. జిరాక్సుకి సున్నా అన్న రూలు మాత్రం అలాగే ఉంది. దాన్ని తీసేయమని చెప్పడానికి ఒక్క ఈమెయిల్ చాలు. రాయలేదు.

అక్టోబరు నెలాఖరున ఒక శనివారం. పాటలు అయ్యాయి, బైబిల్ వాక్యం అయ్యింది, ప్రార్థన విన్నపాలు చెప్పుకునే సమయం. ఒకరు వీసా అన్నారు, ఒకరు నాన్నగారి షుగర్ అన్నారు. చీరాల అమ్మాయి స్టెఫీ లేచి నిలబడింది. ఇరవై రెండేళ్ళ పిల్ల, గలగలా మాట్లాడుతుంది, ఆయన భార్య కృపాబాయి గిన్నెలు కడుగుతుంటే పక్కన చేరి తుడుస్తుంది. ఆ రోజు మాట రావట్లేదు.

"నా స్టడీస్ గురించి ప్రేయర్ చేయండి అంకుల్. కెమిస్ట్రీ ల్యాబ్‌లో ఎనిమిదికి ఎనిమిదీ జీరో వచ్చాయి. ఎక్స్‌పెరిమెంట్లన్నీ కరెక్టుగానే చేశా. బుక్కు దొరకలా, జిరాక్సు ఇచ్చా. నేనూ, విద్యా ఇద్దరం. ఫ్రైడే లోపల ఒరిజినల్ షీట్స్ ఇస్తే మార్కులేస్తానన్నారు మేడమ్. కనీసం నాలుగు పాసవ్వాలి. లేకపోతే కోర్సు పోద్ది, కోర్సు పోతే సెమిస్టర్, తర్వాత నా వర్క్ పర్మిట్..." అని అక్కడితో ఆగిపోయింది. పక్కనున్న వరంగల్ పిల్ల విద్య తల వంచుకుని తివాచీ దారాలు పీకుతోంది.

కృపాదానానికి తల కొట్టేసినట్టయింది. గోడకి అవతల గ్యారేజీ. గ్యారేజీలో పన్నెండు పుస్తకాలు. లేచి గడియ తీస్తే పది అడుగులు. కానీ గడియ తీస్తే ఏం చెప్పాలి? అయిదేళ్ళ నుంచీ మీరు తిడుతున్న డేవిడ్‌సన్ గాణ్ణి నేనేనమ్మా అనా?

విన్నపాల తర్వాత ప్రార్థన చేయాల్సింది ఇంటి పెద్ద. ఆయన కళ్ళు మూసుకుని, చేతులెత్తి, ఆ పిల్ల పేరు పెట్టి, ఆమె కష్టం పేరు పెట్టి, కఠినమైన మనసులు కరిగించు తండ్రీ అని వేడుకున్నాడు.  పిల్లలందరూ ఆమెన్ అన్నారు. దానం అంకుల్ ఎంత మనసు పెట్టి ప్రార్థిస్తారో అని వాళ్ళలో వాళ్ళు అనుకున్నారు కూడా. తన మీద తనే దేవుడికి ఫిర్యాదు చేసి, పేరు మాత్రం దాచిపెట్టిన మనిషిని ఎక్కడైనా చూశారా?

పలావు వడ్డిస్తుండగా ఆయన గ్యారేజీలోకి వెళ్ళాడు. పన్నెండింటిలో ఒకటి తీశాడు, నంబరు 307. రెండోది తీయబోయి ఆగాడు. ఇద్దరికీ ఒకేసారి దొరికితే అనుమానం వస్తుంది కదా! చూశారా, అంత కంగారులోనూ లెక్క తప్పలేదు. పడకగదిలో మంచం మీద పిల్లల జాకెట్లూ బ్యాగులూ కుప్పగా పడి ఉన్నాయి. స్టెఫీ ఎర్రబ్యాగు వెతికి, పుస్తకం లోపలికి దోపి, జిప్పు వేసి బయటికి వచ్చాడు. గుమ్మంలో కృపాబాయి నిలబడి ఉంది.

"ఇవ్వదల్చుకున్నదేదో చేతికిస్తే పోయేది కదండీ" అంది.

"ఊరుకో" అన్నాడాయన. ఆవిడ ఊరుకుంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురంలో ఆ ఊరుకోవడమే తను చేసిన తప్పని ఆవిడ తర్వాత అనేది.

మరుసటి శనివారం స్టెఫీ అందరికంటే ముందు వ్యాను ఎక్కింది. కూడికలో సాక్ష్యాల సమయం రాగానే లేచింది. మొహం వెలిగిపోతోంది.

"లాస్ట్ వీక్ ప్రేయర్ చేశాం కదా. ఇంటికెళ్ళి బ్యాగ్ తెరిస్తే బుక్కు ఉంది! కొత్తది. ఎవరు పెట్టారో తెలీదు. మా రూమ్మేట్స్ ముగ్గుర్నీ అడిగా, ఎవరూ కాదు. దేవుడే పంపించాడండీ. అలా పెట్టినవాళ్ళు ఎవరైనా సరే, వాళ్ళ చేతుల్ని దేవుడు దీవించాలి."

గది నిండా స్తోత్రాలు. అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది కృపాదానమే. అనకపోతే గమనిస్తారేమోనని భయం. వాడి చేతులు పడిపోను అన్న నోటితోనే ఆ చేతుల్ని దీవించమంటోంది పిల్ల. ఆ చేతులు రెండూ ఆయన ఒళ్ళో పడి ఉన్నాయి. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక వాటిని తొడల కింద దాచుకున్నాడు, బడిపిల్లాడిలాగా. కృపాబాయి లేచి వంటగదిలోకి వెళ్ళిపోయింది.

కథ ఇక్కడితో ఆగితే ఆయన అదృష్టమే. కానీ స్టెఫీ ఏం చేసిందంటే, తనకి దొరికిన పుస్తకాన్ని ఒక్కతే వాడుకోలేదు. ఎనిమిది కాగితాలు చింపింది. నాలుగు తను ఉంచుకుని నాలుగు విద్యకి ఇచ్చింది. నాలుగు పాసైతే కోర్సు దక్కుతుంది కదా, ఇద్దరూ గట్టెక్కుతారని. తన మార్కుల్లో సగం కోసి స్నేహితురాలికి పెట్టింది. బాపట్ల హాస్టల్లో ఎవరైనా అదే చేసేవాళ్ళు. చింపుడు కాగితాలు కనిపెట్టినాయనకి మాత్రం ఆ ఆలోచనే తట్టలేదు.

సోమవారం కోఆర్డినేటర్ దగ్గర నుంచి ఈమెయిల్. ఇద్దరు విద్యార్థినులు ఒకే నంబరు కాగితాలు ఇచ్చారు, 307. స్టోరుకి మీరు పంపినవి ఒకటి నుంచి మూడు వందల వరకే. ఈ పుస్తకం అమ్మింది కాదు. ఎక్కడిదని అడిగితే, దేవుడు బ్యాగులో పెట్టాడని చెబుతున్నారు. మీ స్టాకులోంచి ఏమైనా దొంగతనం జరిగిందా? బుధవారం ఉదయం పది గంటలకి విచారణ. మీరు రానక్కర్లేదు, ఒక్క ముక్క రాసి పంపితే చాలు. విషయం రుజువైతే ఇద్దరినీ తీసేయాల్సి రావచ్చు.

కృపాదానం కుర్చీలో అలాగే ఉండిపోయాడు. ఎప్పుడూ గలగలా మాట్లాడే పిల్ల ఆ గదిలో నిలబడి, దేవుడు పెట్టాడండీ అని ఇంగ్లీషులో చెప్పి ఉంటుంది. వాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకుని ఉంటారు. దొంగ అన్న పేరు పడేది ఆమెకి. అది వేయించింది తను.

జవాబు రాయడం మొదలుపెట్టాడు. 'పొరపాటున ఒక కాపీ స్టోరు పెట్టెలో కలిసి ఉండవచ్చు' అని రాశాడు. కొట్టేశాడు. 'ప్రచారం కోసం కొన్ని కాపీలు ఉచితంగా పంచాం' అని రాశాడు. అదీ కొట్టేశాడు. రెండూ అబద్ధాలే. పైగా రెండూ అతికే అబద్ధాలు. ఏ ఒక్కటి పంపినా పిల్లలు గట్టెక్కుతారేమో, తన గుట్టూ బయటపడదు. రెండోదే మళ్ళీ రాశాడు, వేలు సెండ్ బటన్ దాకా వెళ్ళింది.

వెనక కృపాబాయి టీ కప్పుతో నిలబడి చదువుతోంది.

"ఇంకో అబద్ధం దేనికండీ?" అంది. "ఆ పిల్ల నిజం చెప్పి దొంగయ్యింది. మీరు అబద్ధం చెప్పి పెద్దమనిషి అవుతారా?"

"నేనే వెళ్ళి చెబితే ఆ పిల్ల నా మొహం చూసేస్తుంది బాయీ."

"చూడనివ్వండి. మీ మొహం మీరు చూసుకుని ఎన్నేళ్ళయిందో!"

ఆవిడ అంత మాట ఎప్పుడూ అనలేదు. కప్పు బల్ల మీద పెట్టి వెళ్ళిపోయింది. టీ చల్లారిపోయింది.

బుధవారం నది మీద నుంచి కోసుకుపోయే గాలి. కృపాదానం సూటు వేసుకున్నాడు, ఎందుకో తనకే తెలియదు. గదిలో పొడుగాటి బల్ల. ఒక వైపు కోఆర్డినేటరూ, ల్యాబ్ టీచరూ. ఎదురుగా స్టెఫీ, విద్య, కోట్లు కూడా విప్పకుండా. తలుపు తెరుచుకోగానే స్టెఫీ తలెత్తి చూసింది. ఆ పిల్ల మొహంలో ఎంత ధైర్యం వచ్చిందో! తమ కోసం దానం అంకుల్ వచ్చాడనుకుంది. "అంకుల్, మీరొచ్చారా!" అని సగం లేచింది కూడా.

కోఆర్డినేటర్ లేచి చేయి కలిపింది. "గుడ్ మార్నింగ్, మిస్టర్ డేవిడ్‌సన్" అంది.

స్టెఫీ సగం లేచినది అలాగే ఆగిపోయింది. బల్ల మీద పుస్తకం నీలం అట్ట వైపు చూసింది, ఆయన వైపు చూసింది, మళ్ళీ అట్ట వైపు. మెల్లిగా కూర్చుంది. భూమి చీలిపోతే బాగుండునని కృపాదానం మనసారా కోరుకున్నాడు. ఇన్‌స్టిట్యూట్ వాళ్ళ నేల గట్టిది, చీలలేదు.

కోఆర్డినేటర్ తన ధోరణిలో నిదానంగా మొదలుపెట్టింది. ఇది కొత్త సమస్య కాదనీ, ఈ కాగితాల పద్ధతి పెట్టినప్పుడే మిస్టర్ డేవిడ్‌సన్ తమని హెచ్చరించారనీ అంది. తన ఫైలు తిరగేసి, ఆ నాటి నోటు చదివింది. మా వాళ్ళు ఒక పుస్తకం కొని పదిమంది చదువుతారు, నేను అక్కడివాణ్ణే, గేటు గట్టిగా వేయాలి. ఆమె మనసులో ఏ దురుద్దేశమూ లేదు. ఆయన మాటని ఆయనకే గౌరవంగా అప్పజెప్పింది, అంతే.

కృపాదానం ఆ పిల్లల వైపు చూడలేకపోయాడు. చూడకుండానే విద్య ముక్కు ఎగబీల్చడం వినిపించింది. ఆయన ఇంగ్లీషులో, ముప్ఫై ఏళ్ళు పాఠాలు చెప్పిన గొంతుతో కాకుండా, ఏదో గొంతుతో చెప్పాడు.

"ఆ పుస్తకం ఎవరూ దొంగిలించలేదు. ఈ అమ్మాయి బ్యాగులో నేనే పెట్టాను. నా ఇంట్లో, ఆమెకి తెలియకుండా. చేతికిచ్చే ధైర్యం లేక. స్టోరులో పుస్తకాలు అయిపోవడం నా తప్పు, ఈ-బుక్ సంగతి తేల్చకుండా కూర్చున్నాను. జిరాక్సుకి సున్నా అన్నది నేను అడిగి పెట్టించిన రూలు. అప్పుడు నేనన్న మాట..." అని ఆగాడు. "ఆ మాట అన్నందుకు సిగ్గుపడుతున్నాను. నేను చదివిన పుస్తకం మీద నాకంటే ముందు పదిమంది పేర్లున్నాయి."

ల్యాబ్ టీచర్ కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది.  తర్వాత పనులు చకచకా తేలిపోయాయి. దొంగతనం మాట కొట్టేశారు. స్టెఫీకీ, విద్యకీ, జిరాక్సు ఇచ్చి సున్నా తెచ్చుకున్న మిగతా అందరికీ, మామూలు కాగితం మీద రాసిన జవాబులకి మార్కులు వేస్తామన్నారు. అరగంటలో అయిపోయే పని! ఆయన రెండు నెలలుగా ఆపి ఉంచిన పని.

చివర కోఆర్డినేటర్ అడిగింది, జనవరికి ఈ-బుక్ మాటేమిటి, కోడ్ పద్ధతేనా అని.

"కోడ్‌లు వద్దు. లైబ్రరీకి ఇచ్చేస్తాను. ఎంతమంది చదివితే అంతమంది" అన్నాడు కృపాదానం. అంటూ మొదటిసారి స్టెఫీ వైపు చూశాడు. ఆ పిల్ల కిటికీలోంచి పార్కింగ్ లాట్ చూస్తోంది. అక్కడ ఏడు సీట్ల వ్యాను ఉంది.

బయటికి వచ్చేసరికి మంచు పలుచగా రాలుతోంది. పిల్లలిద్దరూ ముందు నడిచి బస్టాపు దగ్గర నిలబడ్డారు. ఆయనకి ఆ బస్సు టైములన్నీ కంఠతా వచ్చు. ఒకటి ఇప్పుడే వెళ్ళిపోయింది, ఇంకోటి రావాలంటే నలభై నిమిషాలు. వ్యాను తెచ్చి వాళ్ళ ముందు ఆపాడు. అలవాటు ప్రకారం పక్క తలుపు జర్రున తెరుచుకుంది. లోపల హీటరు వెచ్చగా ఉంది.

"ఎక్కండమ్మా, దించేస్తాను."

విద్య స్టెఫీ వైపు చూసింది. స్టెఫీ ముక్కు చలికి ఎర్రబడింది. కళ్ళు కూడా ఎర్రగానే ఉన్నాయి. గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండును.

"వద్దండీ. బస్సొస్తుంది" అంది. కాస్త ఆగి, "నిజం చెప్పినందుకు థాంక్స్ సర్" అంది.

సర్. అయిదేళ్ళలో వందమంది పిల్లలు ఎక్కారు ఆ వ్యాను. వాళ్ళలో ఒక్కరూ ఆయన్ని ఆ మాటతో పిలవలేదు. గుంటూరులో క్లాసు నిండా సర్ సర్ అంటుంటే పొంగిపోయిన మనిషి, ఈ ఒక్క సర్‌కి కుంగిపోయాడు. ఎవరో ఎక్కుతారని తలుపు ఇంకా తెరిచే ఉంది. మంచు సీట్ల మీద పడుతోంది.

కృపాదానం ఇంజను ఆపాడు. కిందికి దిగి, బస్టాపులో వాళ్ళకి నాలుగు అడుగుల దూరంలో నిలబడ్డాడు. సూటు మీద కోటు లేదు. టోపీ వ్యానులోనే ఉండిపోయింది. తెచ్చుకుందామనుకున్నాడు గానీ, వెళితే మళ్ళీ వచ్చి నిలబడే మొహం ఉండదేమోనని కదల్లేదు. ముగ్గురూ రోడ్డు వైపే చూస్తూ నిలబడ్డారు.  నలభై నిమిషాలకి రావాల్సిన బస్సు యాభై నిమిషాలకి వచ్చింది. పిల్లలిద్దరూ ఎక్కారు. విద్య మెట్టు మీద ఒక్క క్షణం వెనక్కి చూసింది. స్టెఫీ చూడలేదు.

బస్సు మలుపు తిరిగేదాకా ఆయన అక్కడే ఉన్నాడు. శనివారం నాలుగింటికి కూడిక ఉంది. రెండున్నరకి వ్యాను తీసుకుని ఎవరి ఇళ్ళ ముందు ఆగాలో, ఆగితే ఎవరైనా బయటికి వస్తారో రారో, ఆయనకి తెలియలేదు.